పడవ అడుగు నీటికి స్వయంచాలక పంపు: సూత్రం, ఎంపిక, నిర్వహణ

నదులు, జలాశయాలు, కాలువలలో తిరిగే చిన్న యాంత్రిక పడవలలో చాలావరకు ఏదో ఒక మేరకు నీరు ఊరుతూనే ఉంటుంది. వాన నీరు, అలల తుంపర, షాఫ్టు వద్ద చుక్కలు చుక్కలుగా దిగే నీరు, వలతోపాటు లోపలికి వచ్చే నీరు అన్నీ కలిసి పడవ అడుగున చేరతాయి. నావికా పరిభాషలో బిల్జ్ అని పిలిచే ఈ అడుగు భాగంలోని నీటిని ఎప్పటికప్పుడు తోడివేయకపోతే పడవ బరువెక్కి, ఒక పక్కకు ఒరిగి, చివరకు మునుగుతుంది. మనిషి ప్రమేయం లేకుండా ఈ నీటిని తోడివేసే సాధనమే స్వయంచాలక బిల్జ్ పంపు.

నంద్యాల జిల్లాకు సముద్రం దూరమైనా పడవ దూరం కాదు. ఉత్తరాన శ్రీశైలం జలాశయపు వెనుక జలాలు, జిల్లా లోపల వెలుగోడు, గోరకల్లు, అవుకు జలాశయాలు ఉన్నాయి. వీటిపై చేపల వేటకు, రేవు దాటడానికి, విహారానికి పడవలు తిరుగుతున్నాయి. వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ఈ పరికరాన్ని తెలుసుకోవడంవల్ల రెండు ప్రయోజనాలు ఉన్నాయి. జలాశయాలపై ఆధారపడిన మత్స్యకార కుటుంబాలకు సరైన సలహా ఇవ్వగలుగుతారు. అదే సూత్రాన్ని నల్లరేగడి పొలాల మురుగునీటి గుంతలకు అన్వయించగలుగుతారు.

అలుగు ఉన్న కోనేరు, అలుగు లేని పడవ

నంద్యాలకు సుమారు 15 కి.మీ. దూరంలో, నల్లమల కొండల పాదాన ఉన్న మహానంది కోనేరు ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి చక్కని ఉదాహరణ. ఊట నీరు నిరంతరం కోనేటిలోకి వస్తూనే ఉంటుంది. అయినా సుమారు 5 అడుగుల లోతున్న ఆ కోనేటి మట్టం దాదాపు మారదు. మట్టానికి మించిన నీరు వెలుపలికి పోయే దారి ఉండడమే ఇందుకు కారణం. ఆ నీరు దిగువనున్న అరటి తోటలకు, వరి పొలాలకు పారుతుంది. అంటే కోనేటి మట్టాన్ని నియంత్రిస్తున్నది వచ్చే నీటి పరిమాణం కాదు, పోయే దారి ఎత్తు. ప్రతి చెరువుకూ అలుగు చేసే పని ఇదే.

పడవకు అలుగు పెట్టే వీలు లేదు. పడవ అడుగు భాగం బయటి నీటి మట్టానికి దిగువన ఉంటుంది. అక్కడ దారి తెరిస్తే లోపలి నీరు బయటకు పోదు. బయటి నీరే లోపలికి వస్తుంది. కాబట్టి చేరిన నీటిని బయటి మట్టానికి పైకి ఎత్తి పోయక తప్పదు. ఎత్తడానికి శక్తి కావాలి; ఎప్పుడు ఎత్తాలో తెలిపే వ్యవస్థ కావాలి. మొదటిది పంపు, రెండవది మట్టాన్ని గుర్తించే స్విచ్. ఈ రెండింటి కలయికనే పడవకు కృత్రిమమైన అలుగుగా భావించవచ్చు. అయితే చెరువు అలుగుకు బ్యాటరీ అక్కరలేదు, పంపుకు కావాలి. ఈ తేడాను మరచినచోటే ప్రమాదాలు మొదలవుతాయి.

చేతితోడు నుంచి స్విచ్ వరకు

తెలుగు తీరంలో దుంగలను కట్టి చేసే సంప్రదాయ తెప్పకు ఈ సమస్యే లేదు. పైకి వచ్చిన నీరు దుంగల సందుల నుంచి కిందికి జారిపోతుంది. పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి చేసిన మసులా పడవ అందుకు భిన్నమైనది. కుట్టు పని వల్ల అది తీరపు అలల తాకిడికి విరగకుండా వంగేది. కానీ అదే కుట్ల నుంచి నీరు ఊరేది. అందువల్ల నీటిని తోడిపోయడానికే పడవలో ఒకరు ఉండవలసి వచ్చేది. జలాశయాలలో వాడే పుట్టికి నేటికీ ఒక డబ్బా, ఒక జత చేతులు సరిపోతాయి. అంత చిన్న సాధనానికి విద్యుత్ పంపును సిఫారసు చేయడం అనవసర వ్యయం.

ఇంజను, డెక్కు, మూసిన అడుగు భాగం ఉన్న పడవల విషయం వేరు. వాటిలో చేరిన నీరు కంటికి కనిపించదు. రాత్రివేళ రేవులో కట్టిన పడవలో తోడే మనిషీ ఉండడు. స్వయంచాలక పంపు అవసరం ఇక్కడే ఏర్పడుతుంది.

ఎంత నీరు రాగలదు?

పంపు ఎంపికకు ముందు లోపలికి రాగల నీటి పరిమాణాన్ని అంచనా వేయాలి. రంధ్రం గుండా వచ్చే నీటి వేగం, బయటి మట్టం నుంచి ఆ రంధ్రం ఎంత లోతున ఉందో ఆ లోతు వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. రంధ్ర వైశాల్యం మాత్రం వ్యాసం వర్గాన్ని అనుసరిస్తుంది. అందువల్ల లోతు రెట్టింపైతే ప్రవాహం సుమారు 1.4 రెట్లు మాత్రమే పెరుగుతుంది. వ్యాసం రెట్టింపైతే 4 రెట్లు పెరుగుతుంది. ప్రవాహ గుణకాన్ని 0.6గా తీసుకుని లెక్కించిన విలువలు కింది పట్టికలో ఉన్నాయి.

| రంధ్రం వ్యాసం | 30 సెం.మీ. లోతున, నిమిషానికి | 60 సెం.మీ. లోతున, నిమిషానికి |
|---|---|---|
| 10 మి.మీ. | 7 లీటర్లు | 10 లీటర్లు |
| 20 మి.మీ. | 27 లీటర్లు | 39 లీటర్లు |
| 25 మి.మీ. | 43 లీటర్లు | 61 లీటర్లు |
| 40 మి.మీ. | 110 లీటర్లు | 155 లీటర్లు |

ఇంజను చల్లబరచడానికి నీటిని తెచ్చే 25 మి.మీ. గొట్టం 60 సెం.మీ. లోతున ఊడిపోతే, మొదటి అరగంటలోనే పడవలోకి 1,500 లీటర్లకు పైగా నీరు వచ్చే ప్రమాదం ఉంది. అంటే ఒకటిన్నర టన్నుల అదనపు బరువు.

వాన లెక్క కూడా చిన్నది కాదు. 8 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉన్న కప్పు లేని పడవపై 100 మి.మీ. వర్షం కురిస్తే 1,600 లీటర్ల నీరు చేరుతుంది. ఈ నీరు ఒకచోట నిలిచి ఉండదు. పడవ ఏ పక్కకు ఒరిగితే ఆ పక్కకే పారి ఒరుగును పెంచుతుంది. అడుగున కట్టిపెట్టిన టన్నున్నర సరుకు కన్నా అటూ ఇటూ కదిలే టన్నున్నర నీరు ఎక్కువ ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

పంపు పనిచేసే తీరు

చిన్న పడవలలో ఎక్కువగా వాడేది 12 వోల్టుల మునిగే రకం సెంట్రిఫ్యూగల్ పంపు. రైతులకు పరిచితమైన సబ్‌మెర్సిబుల్ పంపుకు ఇది చిన్న రూపం. అడుగున జాలి, దానిపై ఇంపెల్లర్, ఆపైన నీరు చొరబడకుండా మూసిన మోటారు ఉంటాయి. పంపు నీటిలోనే ఉంటుంది కాబట్టి ప్రైమింగ్ అవసరం లేదు.

మట్టాన్ని గుర్తించే పనిని ఫ్లోట్ స్విచ్ చేస్తుంది. నీటితోపాటు పైకి లేచే బోలు ఫ్లోట్ ఒక స్థాయికి చేరగానే లోపలి స్పర్శకాలు కలిసి వలయం పూర్తవుతుంది, పంపు తిరుగుతుంది. నీరు తగ్గి ఫ్లోట్ దిగగానే ఆగుతుంది. ఇంటిపై నీటి ట్యాంకుకు అమర్చే ఫ్లోట్ స్విచ్ దీనికి తిరగబడిన రూపం. అది మట్టం తగ్గినప్పుడు మోటారును నడుపుతుంది. ఇది మట్టం పెరిగినప్పుడు నడుపుతుంది. పాత ఫ్లోట్ స్విచ్‌లు కొన్నింటిలో పాదరసం ఉండేది. అలాంటివి పగిలితే నీరు కలుషితమవుతుంది కనుక వాటి స్థానంలో పాదరసం లేనివి అమర్చాలి. కదిలే భాగాలు లేకుండా నీటి ఉనికిని గుర్తించే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు, కొద్ది నిమిషాలకొకసారి క్షణంపాటు తిరిగి ఇంపెల్లర్‌పై నీటి భారాన్ని బట్టి కొనసాగాలో ఆగాలో నిర్ణయించుకునే పంపులు కూడా ఉన్నాయి. రెండవ రకం నీరు లేకపోయినా రోజంతా కొంత విద్యుత్తు వాడుతుంది.

స్విచ్ ప్రారంభ స్థాయికి, ఆగే స్థాయికి మధ్య కొంత అంతరం తప్పనిసరి. పంపు ఆగిన వెంటనే గొట్టంలోని నీరు వెనక్కి జారుతుంది. 25 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న 2 మీటర్ల గొట్టంలో దాదాపు 1 లీటరు నీరు ఉంటుంది. అడుగు గుంత ఇరుకుగా ఉంటే ఆ లీటరు నీటికే మట్టం పెరిగి స్విచ్ మళ్లీ కలుస్తుంది. పంపు అదే నీటిని పదేపదే ఎత్తుతూ బ్యాటరీని ఖాళీ చేస్తుంది. గొట్టాన్ని వీలైనంత పొట్టిగా ఉంచడం, స్విచ్‌ను పంపు జాలి కన్నా కొంత ఎత్తున అమర్చడం దీనికి నివారణ. నాన్‌రిటర్న్ వాల్వు పెట్టడం సులభంగా తోచినా, చెత్త ఇరుక్కుంటే అది మూసుకుపోయి మొత్తం ప్రవాహాన్నే ఆపివేసే ప్రమాదం ఉంది.

సామర్థ్యం ఎంపిక

ఈ పంపుల సామర్థ్యాన్ని సాధారణంగా గంటకు అమెరికన్ గ్యాలన్లలో ముద్రిస్తారు. 500 గ్యాలన్లు అంటే సుమారు 1,890 లీటర్లు. 1,100 గ్యాలన్లు అంటే సుమారు 4,160 లీటర్లు. ముద్రించిన అంకె తరచుగా హెడ్ లేకుండా, గొట్టం నిరోధం లేకుండా, పూర్తి వోల్టేజి వద్ద లభించే ప్రవాహం. ఒక మీటరు ఎత్తుకు, మలుపులున్న గొట్టంలో, సన్నని వైర్లతో వచ్చే వాస్తవ ప్రవాహం అందులో సగం వరకు పడిపోవచ్చు. 30 సెం.మీ. లోతున 20 మి.మీ. రంధ్రం నుంచి గంటకు 1,600 లీటర్లకు పైగా నీరు వస్తుందని పట్టికను బట్టి తెలుస్తుంది. 500 గ్యాలన్ల పంపు కాగితంపై దీనిని జయిస్తుంది, పడవలో ఓడిపోతుంది.

అందుచేత అమర్చిన తరువాత వాస్తవ ప్రవాహాన్ని కొలిచి చూడాలి. బయటి గొట్టం కింద 20 లీటర్ల బకెట్టు ఉంచి అది నిండడానికి పట్టిన సెకన్లను నమోదు చేయాలి. 40 సెకన్లు పడితే గంటకు 1,800 లీటర్లు. 72 సెకన్లు పడితే 1,000 లీటర్లు. బోరు నీటి ప్రవాహాన్ని డ్రమ్ముతో కొలిచే అలవాటున్న వారికి ఈ పద్ధతి కొత్త కాదు. రోజువారీ ఊట నీటికి ఒక చిన్న పంపు దిగువన, అత్యవసరానికి పెద్ద పంపు కొంత ఎత్తున అమర్చడం మేలైన పద్ధతి. పెద్ద పంపు తిరిగిందంటే చిన్నది విఫలమైందని గాని, నీరు అసాధారణంగా వస్తున్నదని గాని అర్థం.

విద్యుత్తు లెక్క

వాస్తవంగా గంటకు 1,000 లీటర్లు తోడుతూ 3 యాంపియర్లు తీసుకునే పంపును, 100 యాంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీని ఉదాహరణగా తీసుకుందాం. బ్యాటరీ మన్నిక దృష్ట్యా అందులో సగమే, అంటే 50 యాంపియర్ అవర్లే వాడదగినవి.

పైన చెప్పిన 100 మి.మీ. వాన నీటిని తోడడానికి 1.6 గంటలు, సుమారు 5 యాంపియర్ అవర్లు చాలు. నిమిషానికి 200 మిల్లీలీటర్ల ఊటకు రోజుకు 1 యాంపియర్ అవర్ కన్నా తక్కువ పడుతుంది. కానీ నిమిషానికి 5 లీటర్ల ఊట ఉంటే రోజుకు 7,200 లీటర్లు తోడాలి. పంపు 7 గంటలకు పైగా తిరిగి సుమారు 22 యాంపియర్ అవర్లు వాడుతుంది. రెండు రోజులు దాటగానే బ్యాటరీలో వాడదగిన భాగం అయిపోతుంది.

యజమాని శివరాత్రి ఉత్సవాలకు వెళ్లి నాలుగైదు రోజులు పడవను రేవులో వదిలాడనుకుంటే, మొదటి రెండు రోజులు పడవ పొడిగా, క్షేమంగా కనిపిస్తుంది. ఆ తరువాత బ్యాటరీ క్షీణించి పంపు ఆగుతుంది. అక్కడి నుంచి గంటకు 300 లీటర్ల చొప్పున నీరు చేరుతూ ఒక్క రాత్రిలో టన్నులకు చేరుతుంది. 20 వాట్ల సౌర ఫలకం మంచి ఎండలో రోజుకు సుమారు 6 యాంపియర్ అవర్లు ఇవ్వగలదు. వాన నీటికి అది ఆసరా అవుతుంది, పెద్ద లీకుకు కాదు. పైగా ముసురు పట్టిన రోజులలో అవసరం పెరిగి, ఫలకం నుంచి వచ్చే విద్యుత్తు తగ్గుతుంది.

అమరికలో పాటించవలసినవి

1. పంపును, స్విచ్‌ను పడవ కట్టి ఉన్నప్పుడు నీరు చేరే అత్యంత లోతైన చోట అమర్చాలి. కదలకుండా బిగించి, పైకి తీసి శుభ్రం చేసేందుకు వీలుగా ఉంచాలి.

2. స్వయంచాలక వలయానికి ఫ్యూజు ద్వారా బ్యాటరీ నుంచి నేరుగా సరఫరా ఇవ్వాలి. పడవ ప్రధాన స్విచ్ ఆపినా ఇది పనిచేయాలి. ఫ్యూజు విలువ పంపు తయారీదారు సూచించినదే కావాలి.

3. ఆటో, ఆఫ్, మాన్యువల్ అనే మూడు స్థానాల స్విచ్ ఉండాలి. ఫ్లోట్ ఇరుక్కుపోతే చేతితో నడిపే అవకాశం ఉండాలి.

4. తగినంత మందం గల రాగి వైరు వాడాలి. బ్యాటరీ నుంచి పంపు 5 మీటర్ల దూరంలో ఉండి 5 యాంపియర్లు తీసుకుంటే, 1 చ.మి.మీ. వైరులో 0.86 వోల్టు, 2.5 చ.మి.మీ. వైరులో 0.34 వోల్టు నష్టపోతాం. వైర్ల అతుకులు అడుగు నీటికి పైన ఉండి, తేమ చొరబడకుండా మూసి ఉండాలి.

5. బయటి గొట్టం మూతి, పూర్తి బరువుతో పడవ ఒరిగినప్పుడు కూడా నీటిలో మునగని ఎత్తున ఉండాలి. మునిగితే పంపు ఆగాక సైఫన్ ఏర్పడి బయటి నీరు అదే గొట్టం ద్వారా లోపలికి వస్తుంది. నీటిని తోడవలసిన పంపే పడవను ముంచిన సందర్భమవుతుంది.

6. పెట్రోలు ఇంజనున్న పడవలలో అడుగున ఆవిరి చేరుతుంది. అక్కడ నిప్పురవ్వ వెలువడని రకం పంపు, స్విచ్ మాత్రమే వాడాలి.

7. విద్యుత్ పంపు ఎంత మంచిదైనా చేతిపంపు, బకెట్టు పడవలో ఉండి తీరాలి.

పంపు దాచే ప్రమాదం

స్వయంచాలక పంపు లీకును ఆపదు. దాని ఫలితాన్ని కంటికి కనిపించకుండా చేస్తుంది. చేతితో తోడే రోజులలో, నిన్న పది డబ్బాలు పోసినవాడు ఈ రోజు ఇరవై పోస్తే పడవలో ఏదో తేడా వచ్చిందని చేతుల నొప్పే చెప్పేది. పంపు ఆ నొప్పిని తీసివేసింది. దానితోపాటు ఆ సమాచారాన్నీ తీసివేసింది. గ్లాండు ప్యాకింగ్ అరిగి చుక్కలు ధారగా మారుతున్నా, పలక అతుకు వదులవుతున్నా అడుగు పొడిగానే ఉంటుంది. బ్యాటరీ విఫలమైన రాత్రి మాత్రమే అది బయటపడుతుంది.

ఆ సమాచారాన్ని తిరిగి రాబట్టడం కష్టమైన పని కాదు. పంపు తిరిగినప్పుడు వెలిగే దీపం, ఎన్నిసార్లు తిరిగిందో లెక్కించే చిన్న కౌంటరు, ఫ్లోట్ స్విచ్ కన్నా పైన మరో స్విచ్‌తో మోగే బజరు చాలు. రోజూ ఒకే సమయంలో కౌంటరు అంకెను పుస్తకంలో రాస్తే పడవ ఆరోగ్యం తెలుస్తుంది. వాన లేని వారంలో అంకె క్రమంగా పెరుగుతుంటే, చేయవలసింది పెద్ద పంపు కొనడం కాదు. పడవను ఒడ్డుకు లాగి లీకును వెదకడం.

పరీక్షించే పద్ధతి కూడా ముఖ్యం. ఫ్లోట్‌ను చేతితో ఎత్తి పంపు శబ్దం విని తృప్తి పడడం సరిపోదు. అది స్విచ్, మోటారు పనిచేస్తున్నాయని మాత్రమే రుజువు చేస్తుంది. నిజంగా రెండు బకెట్ల నీరు అడుగున పోసి, దానంతటది మొదలై, నీరు బయట పడి, తిరిగి ఆగడం చూడాలి. చేప పొలుసులు, వల నూలు, ప్లాస్టిక్ సంచులు జాలిని మూసివేయడం సర్వసాధారణం. అందువల్ల వారానికొకసారి జాలిని, ఫ్లోట్ కింది ఖాళీని శుభ్రం చేయాలి.

పంపు పరిమితిని కూడా స్పష్టంగా చెప్పాలి. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద పర్యాటక పడవ మునిగింది. అటువంటి వరద ఉధృతిలో బోల్తాపడే పడవను ఏ పంపూ ఆదుకోలేదు. మితిమీరిన బరువుకు, వరదలో ప్రయాణానికి పంపు పరిష్కారం కాదు. అది లైఫ్ జాకెట్టుకు ప్రత్యామ్నాయమూ కాదు.

నూనె కలిసిన నీరు

డీజిల్ ఇంజనున్న పడవ అడుగు నీటిలో నూనె కలవడం సహజం. స్వయంచాలక పంపుకు నీటికీ నూనెకూ తేడా తెలియదు. రెంటినీ జలాశయంలో పోస్తుంది. 400 టన్నుల స్థూల పరిమాణం, అంతకు మించిన ఓడలు బయటకు వదిలే బిల్జ్ నీటిలో నూనె 10 లక్షల భాగాలకు 15 భాగాలు మించరాదని మార్పోల్ అంతర్జాతీయ ఒప్పందం నిర్దేశిస్తుంది. చిన్న పడవలలో అంతటి పరికరాలు ఉండకపోయినా బాధ్యత తక్కువ కాదు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచర్ల మీదుగా వెలుగోడు చేరే తెలుగుగంగ నీరు పొలాలకే కాక చెన్నై నగర తాగునీటికీ వెళ్తుంది. ఇంజను కింద విడిగా ఒక ట్రే ఉంచి కారిన నూనెను అందులోనే పట్టడం, నూనెను పీల్చే గుడ్డలను అడుగున ఉంచి తరచుగా మార్చడం, తీసిన నూనెను ఒడ్డుకు తెచ్చి సేకరణకు అప్పగించడం అలవాటు చేయాలి.

పొలానికి అన్వయం

నంద్యాల ప్రాంతపు నల్లరేగడి నేలల్లో నీరు నెమ్మదిగా ఇంకుతుంది. కాలువ మట్టం పొలం కన్నా ఎత్తుగా ఉన్న పల్లపు చోట్ల మురుగునీరు తనంతట తాను పోదు. అటువంటి పొలం పరిస్థితి పడవ అడుగు లాంటిదే; దానికీ అలుగు ఉండదు. పొలం చుట్టూ తీసిన మురుగు కాలువలను ఒక గుంతకు కలిపి, అందులో ఫ్లోట్ స్విచ్‌తో పంపును అమర్చితే, రాత్రి కురిసిన వాన నీరు అరటి, పసుపు వేళ్ల వద్ద నిలవకముందే బయటకు పోతుంది. రెండు స్థాయిల అంతరం, జాలి శుభ్రత, కౌంటరు నమోదు ఇక్కడా వర్తిస్తాయి. ఒక్క తేడాను మాత్రం గట్టిగా చెప్పాలి. పడవలోది 12 వోల్టుల సరఫరా. పొలంలోది 230 వోల్టులు గాని అంతకు మించినది గాని. తడి నేలలో ఎర్తింగ్, లీకేజీ విద్యుత్తును గుర్తించి సరఫరాను ఆపే బ్రేకరు లేకుండా ఈ అమరిక చేయరాదు.

ముగింపు

స్వయంచాలక బిల్జ్ పంపు ధరలో, పరిమాణంలో చిన్న పరికరం. దాని విలువ ముద్రించిన గ్యాలన్లలో లేదు. కొలిచి చూసిన ప్రవాహంలో, సరైన వైరింగులో, క్రమం తప్పని పరీక్షలో ఉంది. ఒక ప్లాస్టిక్ తొట్టి, 12 వోల్టుల పంపు, ఫ్లోట్ స్విచ్, ఒక బకెట్టు ఉంటే కళాశాల ప్రయోగశాలలోను, రేవు ఒడ్డునా దీనిని అరగంటలో ప్రదర్శించవచ్చు. అమరిక పూర్తయిన పడవ వద్దకు మళ్లీ వెళ్లినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త “పంపు పనిచేస్తున్నదా?” అని అడిగితే సరిపోదు. “నిన్న ఎన్నిసార్లు తిరిగింది?” అని కూడా అడగాలి. ఆ అంకె తెలిసిన యజమాని పడవకే పంపు నిజమైన రక్షణ అవుతుంది.